షెల్టర్ ఉండగా రోడ్డు మీద ఎందుకు?

రాత్రి పన్నెండు దాటాక బెజవాడ రైల్వే స్టేషన్‌లో దిగి ఆటోలో ఇంటికి వెళ్తుంటే దారి పొడవునా కనిపిస్తారు. మూసిన షాపుల మెట్ల మీద, ఫ్లైఓవర్ల కింద, బస్టాండ్ చుట్టుపక్కల, కృష్ణ ఒడ్డున ఘాట్‌ల దగ్గర దుప్పటి ముసుగేసుకుని వరసగా పడుకున్న మనుషులు. ఆటోలో కూర్చున్నవాళ్లకి వచ్చే సందేహం ఒకటే: కార్పొరేషన్ షెల్టర్లు ఉన్నాయిగా, ఈ దోమల్లో ఇక్కడెందుకు? వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది: పని చెయ్యడం ఇష్టంలేక, తాగి తిరగడానికి అలవాటు పడ్డవాళ్లు, వీళ్లింతే.

ప్రశ్న మంచిదే. దానికి సరైన జవాబు వెతికితే ఆ రెండో మాట దానంతటదే పడిపోతుంది.

ముందు వీళ్లెవరో చూడాలి. చిరిగిన బట్టలు, మాసిన గడ్డం కనిపించగానే అందరినీ బిచ్చగాళ్లని ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి ఆ వరసలో పడుకున్నవాళ్లలో చాలామంది పొద్దున్నే పనికి పోయేవాళ్లే. అడ్డా కూలీలు, లారీల్లోంచి బస్తాలు దించే హమాలీలు, పెళ్లిళ్లలో గిన్నెలు తోమి వడ్డించే కేటరింగ్ కుర్రాళ్లు, ప్లాస్టిక్ సీసాలు, అట్టపెట్టెలు ఏరి పాత సామాన్ల కొట్లో అమ్ముకునేవాళ్లు. బెజవాడ జంక్షన్‌లో దిగినవాడికి ఊరు తెలియకపోయినా ఏదో ఒక పని దొరుకుతుంది. ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి రైలెక్కి వచ్చేవాళ్లకి ఇదే ఆశ. గుంటూరులో మిర్చి యార్డు సీజన్ వచ్చినప్పుడు కూడా ఇలాగే జనం దిగుతారు, సీజన్ అయిపోతే చెదిరిపోతారు.

వీళ్లు కాక వేరే రకాలున్నాయి. కొడుకులు వదిలేసిన ముసలివాళ్లు, గుడి దగ్గరైతే అన్నానికి లోటుండదని వచ్చినవాళ్లు. మతి స్థిమితం తప్పి తిరిగేవాళ్లు. ఇంట్లోంచి పారిపోయి రైలెక్కిన పిల్లలు. భర్త కొట్టి గెంటేస్తే వచ్చిన ఆడవాళ్లు. పిల్లాజెల్లాతో కాలవ గట్టున పట్టా కప్పుకుని ఉండే కుటుంబాలు. పెద్దాసుపత్రి బయట కొన్నాళ్లపాటు మాత్రమే ఇల్లు లేనివాళ్లు కూడా ఉంటారు: లోపల రోగి, బయట చెట్టు కింద చాప, స్టీలు క్యారేజీ, రోగి తాలూకు మనిషి. ఇంతమందికీ ఒకే మందు పనిచెయ్యదు. షెల్టర్ ఒక్కటి కట్టేసి పని అయిపోయిందనుకోవడం ఇల్లు అలకగానే పండగ అనుకోవడమే.

ఇప్పుడు పనిచేసుకునే ఒంటరి మగవాడి లెక్క చూద్దాం. రోడ్డు మీద ఎక్కువగా కనపడేది అతనే, ఎవరికీ సరిగ్గా అర్థం కానిది కూడా అతనే.

అడ్డా దగ్గర కూలీలని పిలవడం పొద్దున ఆరు నుంచి ఎనిమిదింటి లోపల అయిపోతుంది. మేస్త్రీ బండి మీద వచ్చి ఇద్దరు కావాలనో ముగ్గురు కావాలనో అంటాడు, ముందున్నవాళ్లు ఎక్కేస్తారు. తొమ్మిదింటికి అక్కడ నిలబడి ఉన్నాడంటే ఆ రోజుకి పని లేనట్టే. మార్కెట్ హమాలీకైతే ఇంకా ముందే, తెల్లవారుజామునే లారీలు వచ్చేస్తాయి. అందుకని పని దొరికే చోటికి నడిచి వెళ్లేంత దూరంలో పడుకోవాలి. ఊరి చివర గది తీసుకుంటే అద్దె ఒకటే కాదు, రెండు మూడు నెలల అడ్వాన్స్, రానూపోనూ ఆటో చార్జీలు, పైగా పొద్దున్నే అందుకోవాల్సిన పని చేజారిపోయే ప్రమాదం. నెలలో ఎన్ని రోజులు పని ఉంటుందో తెలియనివాడు ఒకటో తారీఖు అద్దెకి ఒప్పుకోడు. ఒప్పుకున్నా, పెళ్లికాని ఒంటరి కూలీకి గది ఇచ్చే ఓనర్లు ఎందరు? ఆధార్ కాపీ అడుగుతారు, ఎవరి తాలూకు అని అడుగుతారు, కులం కూడా ఏదో ఒక రకంగా అడిగేస్తారు.

కాబట్టి రోడ్డు మీద పడుకోవడం అతనికి చాలాసార్లు డబ్బు మిగుల్చుకునే పద్ధతి. ఊళ్లో తల్లికి పంపేది అందులోంచే. కాకపోతే ఇందులో ఒక మోసం ఉంది. అద్దె కట్టడు గానీ, మనం ఇంట్లో ఉచితంగా చేసుకునే ప్రతి పనికీ అతను డబ్బు ఇచ్చుకోవాలి. టాయిలెట్‌కి డబ్బు, స్నానానికి డబ్బు, మంచినీళ్లకి డబ్బు. ఫోన్ చార్జింగ్ పెట్టుకోవాలంటే టీ కొట్టులో ఒక టీ తాగాలి. వండుకోలేడు కాబట్టి మూడు పూటలా కొనుక్కుని తినాలి. ఉప్పూపప్పూ నెలకి సరిపడా కొని పెట్టుకోలేడు. సామాను దాచుకునే చోటు లేదు కాబట్టి రెండో జత బట్టలు, దుప్పటి ప్రతి సీజన్‌కీ మళ్లీ కొనాలి. చివరికి చూస్తే ఇల్లు లేకపోవడం అంత చవకేం కాదు.

తిండి విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. 5 రూపాయలకి పూట భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న మళ్లీ తెరుచుకున్నాయి. రోడ్డు మీద ఉండేవాళ్ల బతుకులో నేరుగా తేడా తెచ్చిన పథకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటని నేను నమ్ముతాను. ఎందుకంటే ఇక్కడ కార్డు అడగరు, అడ్రస్ అడగరు. ఆదివారం మాత్రం సెలవు. ఆ రోజు దుర్గ గుడి అన్నదానానికో, ఎవరైనా పుట్టినరోజుకి పంచే పులిహోర పొట్లాలకో చూసుకోవాలి. మంగళవారం నలుగురు దాతలొచ్చి పెరుగన్నం పంచిన చోటే బుధవారం ఒక్కరూ ఉండరు. మిగతా ఊరికి తెలియదు గానీ, ఏ వారం ఎక్కడ పెడతారో అక్కడివాళ్లకి నోటికి తెలుసు.

ఇక నిద్ర. రోడ్డు మీద బతుకులో అన్నిటికన్నా పెద్ద కొరత తిండి కాదు, నిద్ర. షాపు ముందు మెట్ల మీద పడుకోవాలంటే షట్టర్ దించేదాకా, అంటే పదిన్నర పదకొండు దాకా ఆగాలి. పొద్దున్నే ఊడ్చేవాళ్లు వచ్చేలోపు లేవాలి. మధ్యలో బీట్ కానిస్టేబుల్ లాఠీతో నేల మీద కొట్టి లెమ్మంటాడు, తాగినవాడెవడో వచ్చి పక్కన పడతాడు, కుక్కలు కొట్లాడుకుంటాయి, వాన కురుస్తుంది. మంచి చోటు దొరికినవాడు దాన్ని ఊరికే పోగొట్టుకోడు. షాపు ఓనర్‌తో మాటల్లో పెట్టని ఒప్పందం ఒకటి ఉంటుంది: రాత్రి పడుకోనిస్తాడు, బదులుగా ఇతను షాపు ముందు ఊడ్చి, తాళానికి కాపలా ఉంటాడు. జీతం లేని వాచ్‌మన్ అన్నమాట. ఆ చోటుకి వారం రోజులు రాకపోతే ఇంకొకడు వచ్చేస్తాడు.

పడుకునే పద్ధతి గమనిస్తే చాలా విషయాలు తెలుస్తాయి. చెప్పులు తల కింద పెట్టుకుంటారు, లేకపోతే పొద్దున్నకి ఉండవు. డబ్బులు జేబులో కాదు, డ్రాయర్ లోపల కుట్టించుకున్న అరలో. ఆధార్ కార్డు ఉన్నవాడు దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, రబ్బర్ బ్యాండు వేసి అందులోనే దాస్తాడు. సంచి తాడు ఒక చివర మణికట్టుకి కట్టి ఉంటుంది. అంటే నిద్రలో కూడా ఒక చెయ్యి డ్యూటీలో ఉంటుంది. ఇలా నెలల తరబడి రోజుకి మూడు నాలుగు గంటలు, అది కూడా ముక్కలు ముక్కలుగా పడుకునే మనిషికి మాట తడబడుతుంది, కోపం వస్తుంది, పనిలో కాలుజారి పడతాడు. బయటివాళ్లకి అది సోమరితనంలా కనిపిస్తుంది. మందు సంగతి కూడా ఇక్కడే వస్తుంది. తాగుడు వల్ల రోడ్డు మీద పడ్డవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ రోడ్డు మీద పడ్డాకే, క్వార్టర్ వేసుకుంటే గానీ ఆ దోమల్లో, ఆ హారన్లలో కన్ను మూతపడదని మొదలుపెట్టినవాళ్లు కూడా తక్కువేం లేరు.

ఆడవాళ్ల పరిస్థితి వేరు. రాత్రి నిద్రపోవడమే ప్రమాదం కాబట్టి వాళ్లు వెలుతురున్న చోట, ఆసుపత్రి ఆవరణలోనో, ప్లాట్‌ఫారం మీద కుటుంబాల పక్కనో కూర్చుని తెల్లవార్లూ మేలుకుని, పగలు కునుకు తీస్తారు. పగలు పడుకునే మనిషికి పని ఎవరిస్తారు? ఫుట్‌పాత్ మీద లెక్కపెడితే ఆడవాళ్లు తక్కువగా కనపడటానికి కారణం వాళ్లు తక్కువ ఉండటం ఒకటే కాదు, కనపడకుండా ఉండటమే వాళ్ల రక్షణ.

ఎండాకాలం సంగతి బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 2015 మే నెల వడగాడ్పులకి రాష్ట్రంలో 1,300 మందికి పైగా చనిపోయారు. పగటి ఎండే కాదు, రాత్రికి కూడా కాంక్రీటు చల్లారదు, ఫ్లైఓవర్ కింద గాలి ఆడదు. వానాకాలం ఇంకో రకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లే రోజుల తరబడి మునిగిపోయినప్పుడు, నష్టపరిహారం ఇంటి లెక్కన ఇచ్చారు. ఇల్లే లేనివాడి దుప్పటీ సంచీ కొట్టుకుపోతే అది ఏ జాబితాలోకీ రాదు.

ఈ జాబితాల దగ్గరే అసలు చిక్కుముడి ఉంది. మన ప్రభుత్వ పథకాలన్నీ తలుపు ఉన్న మనిషిని ఊహించుకుని తయారైనవి. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, ఒకటో తారీఖున వార్డు సచివాలయం ఉద్యోగి ఇంటికే వచ్చి చేతిలో పెడతాడు. చాలా మంచి ఏర్పాటు, మంచం మీద ఉన్న ముసలామెకి అది ప్రాణం. అదే ముసలామె దుర్గ గుడి మెట్ల దగ్గర ఉంటే? ఆమె ఉండే చోటు ఏ సచివాలయం జాబితాలోనూ ఉండదు. బియ్యం కార్డు కొడుకు ఇంట్లో ఉంటుంది, ఆమె పేరు కూడా అందులోనే ఉంటుంది, వేరే కార్డు అంత తేలిగ్గా రాదు. కూలి పనిలో వేళ్లు అరిగిపోయినవాళ్లకి వేలిముద్ర పడదు. ఫోన్ పోతే నంబరు పోతుంది, నంబరు పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే పోయిన కార్డు మళ్లీ తీసుకోవడం తలనొప్పి. ఒక్క దొంగతనంతో మనిషి సర్కారు లెక్కల్లోంచి మాయమైపోతాడు.

చట్టం ఈ సంగతి ఆలోచించలేదా అంటే ఆలోచించింది. 2016 ఆధార్ చట్టం 5వ సెక్షన్ స్థిరమైన నివాసం లేనివాళ్ల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యాలని చెబుతోంది. ఓటరు నమోదుకైతే ఎన్నికల సంఘం పద్ధతి ఇంకా బాగుంటుంది: ఇల్లు లేనివాడు ఫారం 6లో ఫలానా చోట పడుకుంటానని రాస్తే, బూత్ లెవల్ ఆఫీసర్ రాత్రిపూట అక్కడికి వెళ్లి, నిజంగా అక్కడే పడుకుంటున్నాడా లేదా అని చూడాలి. ఉంటే చాలు, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. ఓటు కోసం రాత్రిపూట మనిషిని వెతుక్కుంటూ వెళ్లాలని రూలు రాసిన ఇదే వ్యవస్థ, పింఛను కోసం, రేషన్ కోసం అలాంటి రూలు రాసుకోలేకపోయింది. ఈ ఒక్క తేడా నాకు మింగుడుపడదు.

కాగితం లేకపోవడం చావులో కూడా వెంటాడుతుంది. జిల్లా పేజీల్లో అడుగున నాలుగు లైన్ల వార్త వస్తుంది చూశారా: గుర్తుతెలియని వ్యక్తి మృతి, వయసు సుమారు యాభై అయిదు, నీలం గళ్ల లుంగీ, కుడిచేతిపై పచ్చబొట్టు, బంధువులెవరైనా ఉంటే పోలీసులను సంప్రదించాలి. చాలాసార్లు ఆ మనిషిని పేరుపెట్టి పిలిచే టీ కొట్టువాడు వంద గజాల దూరంలోనే ఉంటాడు. కానీ అతనికి తెలిసింది ముద్దుపేరు మాత్రమే.

ఇప్పుడు షెల్టర్ సంగతికి వద్దాం. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం నగరాల్లో ప్రతి లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, అది ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఈ లెక్కని పథకంగా మార్చింది: లక్ష జనాభాకి కనీసం వంద మందికి సరిపడా శాశ్వత వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, వంటగది, సామాను దాచుకోవడానికి లాకర్లు. షెల్టర్ ఎక్కడ పెట్టాలో కూడా రాశారు, నిరాశ్రయులు ఎక్కువగా ఉండే చోటికి, వాళ్ల పని ప్రదేశాలకి దగ్గరగా. మన రాష్ట్రంలో దీన్ని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా, మునిసిపాలిటీలు చూస్తాయి. 2011 జనగణన నాటికే విజయవాడ జనాభా 10 లక్షలు దాటింది. అంటే ఆ రోజు లెక్కకే పది షెల్టర్లు, వెయ్యి మందికి చోటు కావాలి. దేశంలో చాలా రాష్ట్రాలు ఈ లెక్కకి దరిదాపుల్లోకి కూడా రాకపోవడంతో 2016లో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీని వెయ్యాల్సి వచ్చింది.

ఉన్న షెల్టర్లకైనా ఎందుకు వెళ్లరు? కారణాలు వింటే ఒక్కటీ పిచ్చి కారణం కాదు. షెల్టర్ పని చోటుకి దూరం. కేటరింగ్ పని ముగించుకుని రాత్రి ఒంటిగంటకి వస్తే గేటు తీసేవాడుండడు. మొగుడూ పెళ్లాం అయితే మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి, రాత్రికి విడిపోవాలి. సీసాల మూట, తోపుడు బండి లోపలికి రానివ్వరు, బయట వదిలితే పొద్దున్నకి ఉండదు, ఆ బండే అతని జీవనాధారం. తాగి ఉంటే రానివ్వరు. నల్లులుంటాయి. ఒక్కసారి షెల్టర్‌లో చెప్పులో ఫోనో పోయిందంటే మళ్లీ ఆ గడప తొక్కడు. అన్నిటికన్నా మించి, వారం రోజులు షెల్టర్‌లో ఉండి చూద్దామనుకుంటే ఆ వారంలో షాపు ముందున్న చోటు పోతుంది. షెల్టర్ మూతపడినా, వెళ్లగొట్టినా తిరిగొచ్చేందుకు ఏమీ మిగలదు.

ఇంకో భయం ఉంది, అది పైకి చెప్పరు. వ్యాన్ వచ్చి ఎక్కమంటే ఎక్కడికి తీసుకెళ్తారో తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నుంచే బిచ్చమెత్తడాన్ని నిరోధించే చట్టం ఉంది. వీఐపీలు వస్తున్నారన్నా, పుష్కరాలన్నా, పెద్ద సభ ఏదైనా ఉందన్నా ముందురోజు రోడ్లు ఖాళీ చేయించడం మామూలే. కేంద్రం 2022లో మొదలుపెట్టిన స్మైల్ పథకం కింద యాచకులు లేని నగరాలుగా మార్చేందుకు ఎంచుకున్నవాటిలో విజయవాడ కూడా ఉంది. పథకం కాగితం మీద మాట్లాడేది సర్వే, పునరావాసం, ఉపాధి గురించే. కానీ గడ్డం మాసిన హమాలీని, యాచకుడిని వ్యాన్ ఎక్కించేవాడు వేరుచేసి చూస్తాడా అన్నదే సందేహం. 2021లో వీధుల్లో యాచకులు లేకుండా చెయ్యాలన్న పిటిషన్ వచ్చినప్పుడు, ఉన్నత వర్గాల దృష్టితో దీన్ని చూడలేమని, ఇది పేదరికం నుంచి వచ్చిన సమస్య అని సుప్రీంకోర్టు అంది. అంతకు చాలా ముందు, 1985లో, బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు అర్థం చేసుకున్నది సరిగ్గా ఇదే: వాళ్లు అక్కడ ఉండేది పని అక్కడ ఉంది కాబట్టి.

మతి స్థిమితం లేనివాళ్ల విషయం కొంచెం వేరు, ఇక్కడ ఇష్టాయిష్టాల ప్రశ్న కన్నా బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పెద్దది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలా తిరిగే మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాల్సింది పోలీసులు. తెల్లకార్డు లేకపోయినా ప్రభుత్వాసుపత్రిలో ఈ వైద్యం ఉచితం, నిరాశ్రయులకి కూడా. కాబట్టి ఎవరైనా కనిపిస్తే 112కి ఫోన్ చేసి ఈ చట్టం పేరు చెప్పి అడగొచ్చు. మందులతో చాలామంది తేరుకుంటారు, ఊరి పేరు చెబుతారు. తేరుకున్నాక ఎక్కడికి పంపాలన్నదే ఆసుపత్రికి వచ్చే తంటా. పిల్లలు వదిలేసిన పెద్దవాళ్లకి 14567 హెల్ప్‌లైన్ ఉంది, తల్లిదండ్రుల పోషణకి వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర మనోవర్తి అడగొచ్చు. కాకపోతే కొడుకు మీద కేసు పెట్టమంటే పెట్టే తల్లి ఎంతమందిలో ఒకతె?

మరి ఇళ్ల పథకాలు? లక్షల పట్టాలు ఇచ్చారు, పట్టణ పేదలకి టిడ్కో అపార్ట్‌మెంట్ ఇళ్లు కట్టారు. అవి బియ్యం కార్డు ఉన్న కుటుంబాలకి, చాలావరకు ఊరి బయట. మార్కెట్ గేటు దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి ఉండాల్సిన ఒంటరి హమాలీకి ఊరి బయట సొంతిల్లు ఇచ్చినా దానికి తాళం వేసి వచ్చి మళ్లీ షట్టర్ ముందే పడుకుంటాడు. నా అభిప్రాయంలో అతనికి కావాల్సింది సొంతిల్లు కాదు. మార్కెట్‌కి, స్టేషన్‌కి దగ్గర్లో, వారానికోసారి అద్దె కట్టే మంచం, తాళం ఉన్న పెట్టె, అర్ధరాత్రి వచ్చినా తెరిచే తలుపు, తోపుడు బండి పెట్టుకునే చోటు. ఆ షెల్టర్ అడ్రస్‌నే అతని ఆధార్ మీద, బియ్యం కార్డు మీద వెయ్యాలి. ఖర్చు కూడా పెద్దదేం కాదు, భూమి మాత్రం నగరం నడిబొడ్డున కావాలి. అసలు కష్టమంతా అక్కడే.

ఇవన్నీ ప్లాన్ చెయ్యాలంటే ముందు ఎంతమంది ఉన్నారో తెలియాలి. ఆరుబయట, రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ల కింద, ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో, తూముల్లో ఉండేవాళ్లని జనగణన ఇల్లు లేనివారిగా లెక్కిస్తుంది. 2011లో ఆ లెక్క ఫిబ్రవరి 28 ఒక్క రాత్రిలో జరిగింది. దేశంలో 17.7 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షల మంది తేలారు. అంతకు ముందు పదేళ్లతో పోలిస్తే దేశం మొత్తం మీద సంఖ్య తగ్గింది, పట్టణాల్లో మాత్రం 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకి పెరిగింది. వచ్చే జనగణనకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఇల్లు లేనివాళ్ల లెక్క పాత పద్ధతిలోనే జరిగితే అది ఫిబ్రవరి 28 రాత్రి, మాఘమాసం, అందులోనూ ఆదివారం. బెజవాడ కేటరింగ్ కుర్రాళ్లకి పనులు బాగా దొరికే పెళ్లిళ్ల కాలం అది, వాళ్లు ఆ రాత్రి ఏ ఫంక్షన్ హాల్లోనో గిన్నెలు తోముతూ ఉండొచ్చు. లెక్కపెట్టడానికి వెళ్లేవాళ్లు ఒక్క రౌండుతో సరిపెట్టకుండా తెల్లవారుజామున మూడింటికి ఇంకోసారి తిరగాలి, ఎవరు ఎక్కడ పడుకుంటారో తెలిసిన టీ కొట్టువాళ్లని, వాచ్‌మన్‌లని, పాత సామాన్ల కొట్టు ఓనర్లని ముందే కలవాలి. షెల్టర్ ఎన్ని మంచాలతో కట్టాలన్నది ఆ తర్వాత పదేళ్లపాటు ఆ కాగితం మీద పడిన అంకెని బట్టే ఉంటుంది.